చలికాలం రోడ్ బైక్‌కి ఫ్రేమ్ పోయింది, చవగ్గా ఏది వెయ్యాలి?

ఒక తమ్ముడు రాసిన ప్రశ్న, కాస్త కుదించి పెడుతున్నా:

"అన్నా, నాది అల్యూమినియం రోడ్ బైక్. ఎనిమిదేళ్ళుగా చలికాలం మొత్తం, రోడ్డు మీద ఉప్పు చల్లినా బురదైనా దీన్నే తొక్కుతున్నా. మొన్న కడుగుతుంటే చైన్ వైపు, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగే చోటు) పక్కన చైన్‌స్టే (అక్కణ్ణుంచి వెనక చక్రానికి వెళ్ళే గొట్టం) మీద వెంట్రుకంత గీత కనిపించింది. గోరు పెడితే తగులుతోంది. వారం తర్వాత చూస్తే ఇంకాస్త సాగినట్టుంది. పార్టులన్నీ బాగానే ఉన్నాయి: షిమానో 105 పది స్పీడ్ గేర్లూ బ్రేకులూ, మామూలు రిమ్ బ్రేక్ వీల్స్, 27.2 ఎంఎం సీటు పోస్ట్. ఫోర్క్‌కి మడ్‌గార్డ్ బిగించే చిల్లుల్లేవు, ఇన్నాళ్ళూ క్లిప్ మడ్‌గార్డ్‌లతోనే నెట్టుకొచ్చా. ఫ్రేమ్ ఒక్కటి మార్చుకుంటే చాలనుకుంటున్నా, ఎక్కువ పెట్టలేను. స్టీలా అల్యూమినియమా? ఎలాగూ మారుస్తున్నా కదా డిస్క్ బ్రేకులకి వెళ్ళిపోనా? ఒకాయన సెకండ్‌హ్యాండ్ కార్బన్ రేస్ ఫ్రేమ్ చాలా తక్కువకి ఇస్తానంటున్నాడు, తీసేసుకోనా?"

తమ్ముడూ, ముందు ఆ బైక్ దిగు. గోరుకి తగిలి వారంలో సాగిందంటే అది పెయింట్ గీత కాదు, పగులే. ఇంకా డౌటుంటే గీత చివర సన్న మార్కర్‌తో చుక్క పెట్టి చూడొచ్చని చెప్పేవాణ్ణి కానీ నువ్వు ఆల్రెడీ సాగిందంటున్నావు కాబట్టి ఆ ముచ్చట కూడా అక్కర్లేదు. వెల్డింగ్ చేయిస్తే సరిపోదా అని రేపు ఎవరో ఒకరు అంటారు చూడు, వినకు. ఫ్రేములకి వాడే 6061 లాంటి అల్యూమినియం మిశ్రమాన్ని వెల్డ్ చేస్తే ఆ చుట్టుపక్కల మెత్తబడిపోతుంది, మళ్ళీ ఫ్రేమ్ మొత్తాన్ని హీట్ ట్రీట్ చేస్తేగానీ బలం రాదు, ఆ ఖర్చులో ఇంకో ఫ్రేమే వస్తుంది.

ఇంకో పని, ఇది ఖర్చు లేనిది. కొత్త ఫ్రేమ్ వెతికే ముందు, బైక్ నువ్వే కొత్తగా కొని ఉంటే బిల్లు వెతికి తయారుచేసిన కంపెనీకి ఆ పగులు ఫోటోలు పంపు. చాలా కంపెనీలు మొదటి ఓనర్‌కి ఫ్రేమ్ మీద ఏళ్ళ తరబడి వారంటీ ఇస్తాయి, కొన్నైతే జీవితకాలం ఇస్తాయి. కుదరకపోతే పోయిందేముంది, ఒక మెయిలే కదా.

ఇక అసలు విషయం. నువ్వు స్టీలా అల్యూమినియమా అని మొదలుపెట్టావు, అందరూ అక్కడే మొదలుపెడతారు, నేనూ అక్కడే మొదలుపెట్టి చేతులు కాల్చుకున్నవాణ్ణే. ఫ్రేమ్ చవకో కాదో దాని ధర చూస్తే తెలీదు, నీ దగ్గరున్న పార్టులు ఎన్ని దాని మీదకి ఎక్కుతాయో చూస్తే తెలుస్తుంది. అంటే ఫ్రేమ్ సగం ధరకి వచ్చిందని సంబరపడి తెచ్చాక దానికి బాటమ్ బ్రాకెట్ వేరే, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వేరే, సీటు పోస్ట్ వేరే, ఫ్రంట్ డీరైలర్ (ముందు గేర్లు మార్చేది) బిగించే పట్టీ వేరే, బ్రేకులు వేరే అని ఒక్కోటి కొంటూ పోతే అసలు కంటే కొసరే ఎక్కువవుతుంది.

నా సంగతే చెప్తా. ఒకప్పుడు నేనొక పాత స్టీల్ ఫ్రేమ్ కొన్నా, రెనాల్డ్స్ 531 (పాతకాలం పేరున్న స్టీల్ గొట్టాలు) స్టిక్కర్ చూసి మనసు పారేసుకున్నా. అమ్మినాయన "సీటు రాడ్ కొంచెం టైట్, అంతే" అన్నాడు. ఆ "కొంచెం టైట్" ఏంటంటే స్టీల్ ట్యూబులో అల్యూమినియం పోస్ట్ గ్రీజు లేకుండా ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు తాగి రెండూ ఒకటైపోయాయి. నూనె పోశా, ఫ్రేమ్ తిరగేసి బాటమ్ బ్రాకెట్ వైపు నుంచి కూడా పోశా, సీటు బిగించి దాన్నే హ్యాండిల్‌లా పట్టుకుని తిప్పా, సీటు పట్టాలు వంగాయి గానీ పోస్ట్ కదల్లేదు. చివరికి పోస్ట్ పైభాగం కోసేసి, హ్యాక్సా బ్లేడుకి ఒక చివర గుడ్డ చుట్టుకుని, గొట్టం లోపలికి దూర్చి నిలువునా గీత పడేలా మూడు సాయంత్రాలు కోశా, పోస్ట్ గోడ తెగాలి కానీ ఫ్రేమ్ తెగకూడదు కాబట్టి పది లాగులకోసారి ఆపి టార్చ్ వేసి చూడ్డం. బయటికొచ్చిన ముక్కల మీద తెల్లటి పొడి సున్నం పట్టినట్టు పట్టి ఉంది. (కాస్టిక్ సోడా పోస్తే అల్యూమినియం కరిగిపోతుందని చెప్పేవాళ్ళుంటారు, కరుగుతుంది నిజమే, కానీ మండే గ్యాస్ వస్తుంది, కళ్ళల్లో పడితే చూపు పోతుంది, ఇంట్లో ఆ పని పెట్టుకోకు.) సరే అయిపోయిందిరా అనుకుంటే మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు వెనక చక్రం దూరలేదు. ఆ ఫ్రేమ్‌లో వెనక చక్రం దూరే జాగా పాతకాలం 126 ఎంఎం, నా హబ్ వెడల్పు 130. స్టీల్ కాబట్టి సాగదీయించా. ఆ తర్వాత బ్రేక్ బోల్ట్ పట్టలేదు, ఎందుకంటే పాత ఫ్రేముల్లో బ్రేక్ వెనక మామూలు నట్టు పడుతుంది, ఇప్పటి బ్రేకులకి నట్టు లోపలికి దూరేంత పెద్ద చిల్లు కావాలి. అన్నీ అయ్యేసరికి సగం చలికాలం అయిపోయింది.

అందుకని నీ విషయంలో ముందు మడ్‌గార్డ్ దగ్గర మొదలుపెడదాం. నవ్వకు, చలికాలం బైక్‌కి అన్నిటికంటే ముఖ్యం అదే. ఫుల్ మడ్‌గార్డ్ ఉంటే కాళ్ళూ నడుమూ తడవకపోవడం ఒకటి, ముందు చక్రం చిమ్మే ఇసుకా ఉప్పూ చైన్ మీదా బాటమ్ బ్రాకెట్ బేరింగుల మీదా పడకపోవడం ఇంకొకటి. క్లిప్‌వి అక్కడక్కడా ఆపుతాయి గానీ బ్రేక్ కిందా ఫోర్క్ వెనకా ఖాళీ వదిలేస్తాయి, నీకే తెలుసు. కాబట్టి కొత్త ఫ్రేమ్‌కి వెనక డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే కొసల) దగ్గర మరలున్న చిల్లులు ఉండాలి, బాటమ్ బ్రాకెట్ వెనక చైన్‌స్టేల మధ్య వంతెనకీ, పైన బ్రేక్ వంతెనకీ మడ్‌గార్డ్ పట్టే చోటుండాలి, ఫోర్క్‌కి కూడా చిల్లులుండాలి. నీ ఫోర్క్‌కి లేవన్నావు. అంటే నువ్వు ఫ్రేమ్ ఒక్కటే మార్చాలనుకోవడం దగ్గరే చిన్న తేడా ఉంది, ఫ్రేమూ ఫోర్కూ జతగా వచ్చేది చూసుకో, విడివిడిగా కొంటే ఎక్కువవుతుంది.

చిల్లులున్నంత మాత్రాన సరిపోదు, జాగా ఉండాలి. ఇక్కడే బ్రేక్ డ్రాప్ అనే లెక్క వస్తుంది, చాలామంది దీన్ని వదిలేసి తర్వాత బాధపడతారు. బ్రేక్ బోల్ట్ చిల్లు మధ్య నుంచి కిందికి, రిమ్ మీద బ్రేక్ రబ్బరు ఆనే చోటు మధ్య దాకా ఎంత దూరం ఉందో అది డ్రాప్. మామూలు రేస్ ఫ్రేములు 39 నుంచి 49 ఎంఎం బ్రేకుల కోసం చేస్తారు, వాటిల్లో 25 ఎంఎం టైర్ ఎక్కాక బ్రేక్ కింద ఇంక వేలు కూడా దూరదు, మడ్‌గార్డ్ ఎక్కడ పెడతావ్? చలికాలం కోసమనీ దూర ప్రయాణాల కోసమనీ చేసిన ఫ్రేములు 47 నుంచి 57 ఎంఎం బ్రేకులకి చేస్తారు. అందులో 25 టైరూ ఫుల్ మడ్‌గార్డూ హాయిగా పడతాయి, చాలావాటిల్లో 28 కూడా పడుతుంది. నువ్వు చూడబోయే ఫ్రేమ్‌లో నీ చక్రం పెట్టి టేపు పట్టుకుని కొలువు, ముందొకసారి వెనకొకసారి, 49కి 57కి మధ్యలో వస్తే అదే మనకి కావల్సింది. దీనికి నీ 105 బ్రేకులు అందవు, లాంగ్ డ్రాప్ కాలిపర్ల (ఎక్కువ కిందికి అందే బ్రేకుల) జత ఒకటి కొనాలి. షిమానో బీఆర్-ఆర్650, టెక్ట్రో ఆర్539 లాంటివి సరిగ్గా ఈ 47–57 కొలతవే, సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా చాలు, రబ్బర్లు మాత్రం కొత్తవి వెయ్యి. పెట్టాల్సిన ఖర్చు ఏదైనా ఉంటే ఇదీ ఫోర్కూ, వీటి దగ్గర పిసినారితనం వద్దు.

ఇప్పుడు ఆ కార్బన్ రేస్ ఫ్రేమ్ సంగతి. వద్దు. కార్బన్ చలికి పగిలిపోతుందనో తడికి పాడవుతుందనో కాదు, అవి ఉత్త మాటలు, కార్బన్‌కి తుప్పే పట్టదు. సమస్య "రేస్" అన్న మాటలో ఉంది. మడ్‌గార్డ్ చిల్లులుండవు, జాగా ఉండదు, బాటమ్ బ్రాకెట్ చాలావాటిల్లో మరలు లేకుండా నొక్కి దూర్చే ప్రెస్ ఫిట్ ఉంటుంది, అది ఉప్పునీళ్ళలో కిర్రుకిర్రుమంటుంటే నీకు పిచ్చెక్కుతుంది. పైగా సెకండ్‌హ్యాండ్ కార్బన్‌లో లోపలి దెబ్బ పైకి కనపడకపోవచ్చు. ఎండాకాలం బైక్ కోసమైతే అది వేరే ముచ్చట.

డిస్క్? మంచిదే, తడిలో పట్టు బావుంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా బురదకి రిమ్ములు అరిగిపోవు. కానీ నీ దగ్గరున్నవి రిమ్ బ్రేక్ వీల్స్. డిస్క్ ఫ్రేమ్ కొంటే వీల్స్ మారాలి, ఫోర్క్ మారాలి, బ్రేకులు మారాలి, హైడ్రాలిక్ కావాలంటే షిఫ్టర్లు కూడా మారాలి. పగిలిన చైన్‌స్టే కోసం మొదలై బైక్ మొత్తం కొనడం అంటే పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టే. డిస్క్ మీద మనసుంటే ఫ్రేమ్ కాదు, మొత్తం బైకే సెకండ్‌హ్యాండ్‌లో చూడు. నిజానికి ఆ మాటకొస్తే రిమ్ బ్రేక్‌లో కూడా ఒకసారి మొత్తం బైకుల ధరలు చూడమనే అంటా. డిస్క్ మోజులో జనం మంచి రిమ్ బ్రేక్ బైకులు అమ్ముకుంటున్నారు, ఒట్టి ఫ్రేమూ ఫోర్కూ బ్రేకులూ కలిపిన లెక్కకి దగ్గర్లో ఒక్కోసారి బైక్ మొత్తం వచ్చేస్తుంది, నీ పార్టులు అందులోకి స్పేర్‌గా ఉంటాయి.

ఫ్రేమే అనుకుంటే మిగతా కొలతలు ఇవి, గబగబా చెప్పేస్తా. వెనక డ్రాపౌట్ల మధ్య 130 ఎంఎం ఉండాలి, 135 ఉంటే అది డిస్క్‌కో కొండ బైక్‌కో చేసింది, 126 ఉంటే పాతది. పాత స్టీల్ ఫ్రేమైతే తెలిసినవాళ్ళ చేత సాగదీయించొచ్చు, అల్యూమినియాన్నీ కార్బన్‌నీ మాత్రం సాగదీయకూడదు. బాటమ్ బ్రాకెట్ బీఎస్ఏ (ఇంగ్లీష్ రకం) థ్రెడ్, 68 ఎంఎం వెడల్పుది అయితే నీ క్రాంక్ (పెడళ్ళు పట్టే కాడల జత) నేరుగా ఎక్కుతుంది. ఇటాలియన్ థ్రెడ్‌ది 70 ఎంఎం ఉంటుంది, పాత కప్పు (బాటమ్ బ్రాకెట్ బేరింగ్ ఉండే మరల గిన్నె) మీద 36 x 24 అని ఉంటే అది ఇటాలియన్, 1.37 x 24 అని ఉంటే మనది. ఇటాలియన్ అయినా వదిలెయ్యక్కర్లేదు, కప్పుల జత మారిస్తే అదే క్రాంక్ పడుతుంది. విప్పేటప్పుడు మాత్రం గుర్తుంచుకో, బీఎస్ఏలో చైన్ వైపు కప్పు రివర్స్ థ్రెడ్, మామూలుగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. సీటు పోస్ట్ నీది 27.2, చాలా స్టీల్ ఫ్రేములకీ చాలా అల్యూమినియం ఫ్రేములకీ అదే సైజు, కానీ "చాలా" అంటే అన్నీ కాదు, ఈ సైజులు 0.2 ఎంఎం తేడాతో డజన్ల కొద్దీ ఉన్నాయి, అడుగు. ఫ్రంట్ డీరైలర్‌కి ట్యూబు లావు చూడు, 28.6, 31.8, 34.9 ఈ మూడే ఎక్కువ, తేడా వస్తే పట్టీ చిన్న ఖర్చే, దాని కోసం మంచి ఫ్రేమ్ వదులుకోకు. డీరైలర్ హ్యాంగర్ (వెనక డీరైలర్ వేలాడే కొక్కెం) మార్చుకునే రకమైతే దానికి స్పేర్ ఇంకా దొరుకుతోందో లేదో ముందే చూసి, దొరికితే ఒకటి కొని పక్కన పెట్టుకో.

హెడ్‌సెట్ గురించి ఒక్క మాట. ఫోర్క్ జతగా వస్తే ఏ గొడవా లేదు. విడిగా వేస్తే మాత్రం, 28.6 ఎంఎం నిటారు స్టీరర్ (హెడ్ ట్యూబులో, అంటే ఫ్రేమ్ ముందు గొట్టంలో, దూరే కాడ) ఉన్న ఫోర్క్‌ని కింద లావుగా ఉండే టేపర్డ్ ఫ్రేమ్‌లో అడాప్టర్‌తో వెయ్యొచ్చు, టేపర్డ్ ఫోర్క్‌ని మామూలు సన్న హెడ్ ట్యూబులో వెయ్యలేవు. ఇంకోటి, సైక్లోక్రాస్ (బురద దారుల రేస్) బైక్ ఫోర్క్ పొడుగ్గా ఉంటుంది, 395 ఎంఎం దాకా, రోడ్ ఫోర్క్ 370 అటూ ఇటూ. మడ్‌గార్డ్‌కి జాగా బావుందని దాన్ని తెచ్చి రోడ్ ఫ్రేమ్‌కి పెడితే ముందు భాగం పైకి లేచి హెడ్ యాంగిల్ (హెడ్ ట్యూబు వాలు) ఒక డిగ్రీ పైనే వాలిపోతుంది, హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది.

స్టీలా అల్యూమినియమా అన్నదానికి ఇప్పుడొచ్చా చూడు, ఇంత కింద. రెండూ ఓకే. స్టీల్ బరువెక్కువ, ఒక కేజీ అటూ ఇటూ తేడా రావొచ్చు, చలికాలం బట్టలూ లైట్లూ మడ్‌గార్డ్‌లూ వేసుకున్నాక ఆ కేజీని ఎవడు లెక్కపెడతాడు. తుప్పు పడుతుంది, కానీ లోపల మైనం లాంటి రస్ట్ స్ప్రే కొట్టి, బాటమ్ బ్రాకెట్ కింద నీళ్ళు కారే చిల్లు మూసుకుపోకుండా చూసుకుంటే ఏళ్ళకేళ్ళు వస్తుంది, పగిలినా వెల్డ్ చేయించుకోవచ్చు. (కొందరు స్ప్రేకి బదులు బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ పోస్తారు, అదీ పనిచేస్తుంది, కానీ ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దగా చుట్టి మూల పడెయ్యకు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, విప్పి ఆరేసి పారెయ్.) అల్యూమినియానికి ఎర్ర తుప్పు రాదు గానీ ఉప్పు తగిలితే పెయింట్ కింద పొక్కులు వస్తాయి, స్క్రూల చుట్టూ తెల్ల పొడి వస్తుంది, నీ దానికి కూడా బాటిల్ స్క్రూల దగ్గర వచ్చే ఉంటుంది చూడు. పైగా అల్యూమినియానికి ఇంత లోడు లోపైతే ఎన్నాళ్ళైనా పగలదు అనే హద్దు లేదు, చిన్న చిన్న లోడ్లు కూడా ఏళ్ళ తరబడి కూడుకుంటూ పోతాయి, నీ ఎనిమిదేళ్ళ ఫ్రేమ్ కథ అదే అయ్యుండొచ్చు. కాబట్టి నా లెక్క: బాగా వాడిన సెకండ్‌హ్యాండ్ అయితే స్టీల్, కొత్తదో కొత్తలాంటిదో అయితే అల్యూమినియం. పేర్లు కావాలంటే కినెసిస్ రేస్‌లైట్ టీ2 లాంటి అల్యూమినియం ఫ్రేములు సరిగ్గా ఈ పనికే చేశారు, స్టీల్‌లో సర్లీ పేసర్ ఈ కోవదే, ఇలాంటివి పాతవి అమ్మకానికి వస్తుంటాయి.

సైజు: 54 అనో 56 అనో రాసుంటే నమ్మకు, ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది. నీ పాత ఫ్రేమ్ చార్ట్ తీసి స్టాక్ (బాటమ్ బ్రాకెట్ నుంచి హెడ్ ట్యూబు పైకొస దాకా ఎత్తు), రీచ్ (ఆ రెంటి మధ్య అడ్డంగా దూరం) అనే రెండు నంబర్లు పట్టుకో. రీచ్ 10 ఎంఎం తేడా వస్తే స్టెమ్‌తో (హ్యాండిల్‌ని పట్టుకునే ముక్కతో) సర్దుకోవచ్చు, స్టాక్ 20 ఎంఎం ఎక్కువొచ్చినా స్టెమ్ కింద స్పేసర్లు (రింగులు) అంత ఉంటే తీసేస్తే సరి. మడ్‌గార్డ్ వేశాక బూటు ముందుభాగం దానికి తగులుతుందేమో మాత్రం చూడు, చిన్న సైజు ఫ్రేముల్లో మెల్లగా మలుపు తిరిగేటప్పుడు తగిలి పడ్డవాళ్ళున్నారు.

చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక దారపుండ, టేపు, టార్చ్, తడిగుడ్డ పట్టుకెళ్ళు. సీటు పోస్ట్ నీ ముందు తీయమను, కదలకపోతే నా కథ గుర్తుతెచ్చుకుని నమస్కారం పెట్టి వచ్చెయ్. బాటమ్ బ్రాకెట్ కూడా విప్పి ఉంటే ఇంకా మంచిది. తడిగుడ్డతో తుడిచి బాటమ్ బ్రాకెట్ చుట్టూ, సీటు క్లాంప్ కింద, డౌన్ ట్యూబ్‌కి (హెడ్ ట్యూబ్ నుంచి బాటమ్ బ్రాకెట్‌కి దిగే గొట్టానికి) హెడ్ ట్యూబ్ దగ్గర అడుగు భాగం చూడు. అక్కడ వేలితో రాస్తే చిన్న ఉబ్బు గానీ ముడత గానీ తగిలితే అది దేన్నో ఎదురుగా గుద్దిన ఫ్రేమ్, ఆయన ఎన్ని చెప్పినా. తర్వాత దారం ఒక డ్రాపౌట్‌కి కట్టి, హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి, రెండో డ్రాపౌట్‌కి లాగి కట్టు, సీటు ట్యూబ్‌కీ దారానికీ మధ్య దూరం రెండు వైపులా కొలువు, ఒక ఎంఎం లోపు తేడా అయితే వెనక భాగం తిన్నగా ఉన్నట్టే.

బిగించేటప్పుడు గ్రీజు దగ్గర లోభించకు. సీటు పోస్ట్‌కి, బాటమ్ బ్రాకెట్ థ్రెడ్లకి, మడ్‌గార్డ్ బోల్టులకి, బాటిల్ స్క్రూలకి, అన్నిటికీ పెట్టు. పోస్ట్ కార్బన్‌దైతే గ్రీజు కాదు కార్బన్ పేస్ట్. నెలకోసారి పోస్ట్ తీసి తుడిచి మళ్ళీ పెట్టు, ఎత్తు మారకుండా టేపు ముక్క చుట్టుకుని, రెండు నిమిషాల పని. అలాగే కొత్త ఫ్రేమైనా పాతదైనా థ్రెడ్లలో పెయింట్ అడ్డుంటే చేత్తో బలవంతంగా తిప్పకు, మెకానిక్ చేత థ్రెడ్ శుభ్రం చేయించు, ఆ ఒక్క పని డబ్బులిచ్చి చేయించుకోవడమే మంచిది.

ఇవన్నీ ఫోన్‌లోనే ముందు అడిగెయ్: వెనక వెడల్పు ఎంత, బాటమ్ బ్రాకెట్ ఏది, సీటు పోస్ట్ సైజెంత, బ్రేక్ డ్రాప్ ఎంత, మడ్‌గార్డ్ చిల్లులున్నాయా, పోస్ట్ కదులుతోందా. "అవన్నీ తెలీదు బాస్, వచ్చి చూసుకో" అన్నాడంటే తప్పేం కాదు, అందరికీ తెలియాలని లేదు, ఫోటోలు పంపమను, టేపు పక్కన పెట్టి.

పాత ఫ్రేమ్ నుంచి సీటు క్లాంప్, హ్యాంగర్, బాటిల్ స్క్రూలు, కేబుల్ అడ్జస్టర్లు తీసి ఒక డబ్బాలో వేసుకో. వారంటీ వాళ్ళ నుంచి జవాబొచ్చేదాకా ఫ్రేమ్ అలాగే ఉంచు. వాళ్ళు కాదన్నాక మాత్రం దాన్ని సామాన్లవాడికి మొత్తంగా ఇవ్వకు, డౌన్ ట్యూబ్ మధ్యలో హ్యాక్సాతో కోసి ఇవ్వు, లేకపోతే ఎవరో ఒకరు ఆ గీత చూడకుండా దానికి చక్రాలు పెట్టి ఎక్కేస్తారు.